భుజం జారితే: మొదటి గంట నుంచి ఆరో నెల దాకా

జారిన భుజాన్ని తిరిగి లోపల పెట్టడం ఆసుపత్రిలో చాలాసార్లు పావుగంట పని. అది లోపలికి వెళ్లగానే నొప్పి సగానికి సగం తగ్గిపోతుంది కాబట్టి గండం గడిచిందనుకుని ఇంటికి వచ్చేస్తారు. అసలు చూసుకోవాల్సినవన్నీ ఆ తర్వాతే ఉంటాయి. 18 ఏళ్ల కబడ్డీ కుర్రాడి భుజం, బాత్రూంలో జారిపడ్డ 65 ఏళ్ల పెద్దావిడ భుజం ఎక్స్‌రేలో ఒకేలా కనిపించవచ్చు. కుర్రాడి విషయంలో భయం అది మళ్లీ మళ్లీ జారుతుందని. పెద్దావిడ విషయంలో భయం భుజం బిగుసుకుపోతుందని, లోపల కండర తాడు తెగి ఉంటుందని. కట్టు ఎన్ని రోజులు, కసరత్తు ఎప్పుడు మొదలు, ఆపరేషన్ కావాలా వద్దా అన్నవన్నీ ఈ తేడాను బట్టే తేలతాయి. పక్కింటాయనకు మూడు వారాలు కట్టు వేశారని మనమూ మూడు వారాలు ఉంచుకుంటే కుదరదు.

లోపల ఏమవుతుంది

భుజం బంతి గిన్నె కీలు. దండచేతి ఎముక పైకొన బంతి. రెక్క ఎముక అంచున ఉన్న గుంట గిన్నె. పేరుకే గిన్నె గానీ అది నిజానికి పళ్లెం. తుంటిలో లాగా బంతిని లోతుగా పట్టుకోదు. ఏ సమయంలో చూసినా బంతిలో మూడో వంతు కూడా దానికి ఆని ఉండదు. చెయ్యి అన్ని వైపులా తిరగాలంటే లోతు తక్కువగా ఉండక తప్పదు. ఆ లోటును పూడ్చడానికి పళ్లెం అంచు చుట్టూ లేబ్రమ్ అనే గట్టి మృదులాస్థి గట్టు, దాని మీద సంచిలా కప్పే పొర, ఆ పొరలోని లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే గట్టి పట్టీలు), వాటిపైన రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాల తాళ్లు ఉంటాయి.

నూటికి 95 సార్లకు పైగా బంతి ముందుకే జారుతుంది. చెయ్యి పక్కకు లేచి, ముంజెయ్యి వెనక్కి వాలి, బంతి విసరబోయే భంగిమలో ఉన్నప్పుడు ఒక్క గుంజు చాలు. కబడ్డీలో రైడర్ మధ్యగీత అందుకోబోతుంటే వెనక నుంచి చెయ్యి పట్టి లాగడం, బైకు స్కిడ్ అయి చాచిన చేతి మీద పడటం, వాలీబాల్ స్మాష్, బస్సులో పై రాడ్ పట్టుకుని నిలబడ్డప్పుడు సడన్ బ్రేక్ పడటం — అన్నిట్లోనూ అదే భంగిమ, అదే గుంజు.

ముందుకు జారేటప్పుడు బంతి రెండు చోట్ల దెబ్బ తీస్తుంది. పళ్లెం ముందు అంచున ఉన్న లేబ్రమ్‌ను ఊడబీకుతుంది. దీన్ని బాంకార్ట్ గాయం అంటారు. తర్వాత బంతి వెనక భాగం ఆ అంచుకే గుద్దుకుని సొట్ట పడుతుంది. ఇది హిల్–సాక్స్ సొట్ట. రిపోర్టులో ఈ రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మొదటిసారి జారిన కుర్రవాళ్లలో చాలామందికి ఉంటాయి. అవి ఎంత పెద్దవన్నదే ప్రశ్న.

వెనక్కి జారడం అరుదు. కానీ మోసం చేసేది అదే. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు ఒంట్లో కండరాలన్నీ ఒక్కసారి బిగుస్తాయి. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికంటే బలమైనవి కాబట్టి బంతిని వెనక్కి నెట్టేస్తాయి. ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఇది దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. దాంతో బెణుకు అనో, ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోవడం) అనో రాసి పంపేసిన కేసులు తక్కువేం కాదు. మూర్ఛ తర్వాతో, షాక్ తర్వాతో భుజం నొప్పి ఉండి, మోచెయ్యి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పలేకపోతుంటే పక్క నుంచి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి. ఇక కిందికి జారడం ఇంకా అరుదు. అది తెలియకపోయే ప్రసక్తే లేదు. చెయ్యి పైకి లేచి తల పక్కన ఇరుక్కుపోతుంది, దించలేరు.

జారిందో లేదో ఎలా తెలుస్తుంది

చొక్కా తీసి రెండు భుజాలూ పక్కపక్కన చూడండి. బాగున్న భుజం గుండ్రంగా ఉంటుంది. జారిన వైపు ఆ గుండ్రం పోయి, పైన ఎముక మొన పొడుచుకు వచ్చి, దాని కింద పల్లం పడుతుంది. చంక ముందు భాగంలో బంతి ఉబ్బుగా చేతికి తగులుతుంది. మనిషి ఆ మోచేతిని రెండో చేత్తో పట్టుకుని, ఒంటికి కాస్త ఎడంగా ఉంచి కూర్చుంటాడు. జారిన చేతి అరచేతిని ఎదుటి భుజం మీద పెట్టి, మోచేతిని ఛాతీకి ఆనించడం సాధ్యం కాదు. బలవంతంగా చేయించి చూడకండి. చెయ్యబోయి ఆగిపోతే అదే గుర్తు.

కాలర్ ఎముక చివర, భుజం మీద మెట్టులా ఉబ్బి, కింద గుండ్రం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే అది వేరే కీలు. దాన్ని ఏసీ జాయింట్ గాయం అంటారు, వైద్యం కూడా వేరు. చిన్న పిల్లల్లో భుజం జారడం చాలా అరుదు. వాళ్లలో ఎదిగే ఎముక పొర దగ్గర విరగడమే ఎక్కువ. అందుకని పిల్లాడి భుజం జారిందని ఎవరైనా అంటే ఎక్స్‌రే లేకుండా నమ్మకండి.

మొదటి గంటలో చేయాల్సింది

అన్నిటికంటే ముందు, లాగకండి. గ్రౌండ్‌లో ఎవడో ఒకడు ముందుకొచ్చి “నేను పెట్టేస్తా” అంటాడు. జారడంతోపాటు దండచేతి ఎముకకు బంతి కింద చీలిక ఉంటే, ఆ లాగుడుతో చీలిక కాస్తా రెండు ముక్కలవుతుంది. చంకలోంచి వెళ్లే నరం, రక్తనాళం సాగి దెబ్బతింటాయి. పెద్ద వయసువాళ్ల రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి కాబట్టి చిట్లే భయం మరీ ఎక్కువ. నూనె రాసి తోమడం, నాటు కట్టు వేయించడం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. కట్టు వేసే చెయ్యి ఎంత అనుభవం ఉన్నదైనా లోపలి చీలికను చూడలేదు.

తర్వాత ఈ వరసలో చేయండి:

1. చెయ్యి ఏ భంగిమలో ఉందో అలాగే ఉంచండి. ఒంటికి, చేతికి మధ్య ఉన్న ఖాళీలో చిన్న దిండో, మడిచిన దుప్పటో పెట్టండి. చున్నీనో కండువానో మెడ మీదుగా వేసి ముంజేతికి ఆసరా ఇవ్వండి. ఇంకో గుడ్డతో చేతిని, దిండును కలిపి ఒంటికి వదులుగా చుట్టండి. ఖాళీని మూసేయాలని చేతిని ఒంటికి అదమకండి.
2. ఉంగరాలు, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. గంట తర్వాత వేళ్లు వాస్తే కోయాల్సి వస్తుంది.
3. భుజానికి కాస్త కింద, దండచేతి బయటి వైపు, వేలితో మెల్లగా రాసి చూడండి. రెండో చేతికంటే స్పర్శ మొద్దుగా ఉందా? మణికట్టును, వేళ్లను ఎత్తగలుగుతున్నారా? బొటనవేలు వైపు మణికట్టు దగ్గర నాడి అందుతోందా? ఏం కనిపించిందో టైముతో సహా గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. దండచేతి బయటి వైపు మొద్దుబారితే చంక నరం సాగిందని అర్థం. లాగకముందే ఉందా, లాగిన తర్వాత వచ్చిందా అన్నది డాక్టరుకు చాలా ముఖ్యం.
4. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. నేరుగా చర్మం మీద వద్దు.
5. అన్నం, టిఫిన్, పాలు ఏమీ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. తినిపిస్తే ఆరు గంటలు ఆగాల్సి రావచ్చు. దెబ్బ తగిలిందని చేతిలో టీ, బిస్కెట్లు పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, దాన్ని ఆపండి.
6. కూర్చోబెట్టి కారులోనో ఆటోలోనో తీసుకెళ్లండి. బైకు వెనక సీటు మీద వద్దు. ప్రతి గుంతకూ చెయ్యి ఊగుతుంది.

చెయ్యి చల్లబడి పాలిపోయినా, నాడి అందకపోయినా, చంకలో వాపు కళ్లముందే పెరుగుతున్నా, ఎముక చర్మాన్ని చీల్చుకుని వచ్చినా, తలకో మెడకో దెబ్బ తగిలినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోయినా రేపు పొద్దున చూద్దామని ఆగకండి. గంటలు గడిచేకొద్దీ చుట్టూ కండరాలు బిగుసుకుని, తేలిగ్గా అయ్యే పని మత్తు లేకుండా కానిదవుతుంది.

చొక్కా విప్పాలంటే బాగున్న చెయ్యి ముందు, జారిన చెయ్యి ఆఖరున. తొడిగేటప్పుడు దానికి తిరగేసి: జారిన చెయ్యి ముందు. ఇది తర్వాతి ఆరు వారాలూ పనికొస్తుంది.

ఆసుపత్రిలో

మామూలుగా ముందు ఎక్స్‌రే తీస్తారు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి లేదా చంక నుంచి ఇంకొకటి, కనీసం రెండు ఉండాలి. ఒక్కటే తీశారంటే రెండోది ఎందుకు తీయలేదని మర్యాదగా అడగొచ్చు, తప్పులేదు.

నొప్పి తగ్గించడానికి రెండు దారులు. ఒకటి కీలు లోపలికే 1 శాతం లిగ్నోకైన్ సుమారు 20 మిల్లీలీటర్లు ఇచ్చి 15 నిమిషాలు ఆగడం. రెండోది రక్తంలోకి ఇంజెక్షన్ ద్వారా మత్తు ఇచ్చి, ఆక్సిజన్, గుండె మానిటర్ పెట్టి చేయడం. మొదటిదానికి మనిషి తొందరగా ఇంటికి వెళ్లగలడు. బాగా కండలున్నవాళ్లకు, ఆలస్యంగా వచ్చినవాళ్లకు రెండోది కావాల్సి రావచ్చు.

లోపల పెట్టే పద్ధతులు చాలా ఉన్నాయి. అన్నిటి రహస్యం ఒక్కటే: కండరాలను అలసిపోయేలానో సడలేలానో చేయాలి, వాటితో కుస్తీ పట్టకూడదు. స్టిమ్సన్ పద్ధతిలో మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, జారిన చెయ్యిని అంచు నుంచి కిందికి వేలాడదీస్తారు. మణికట్టుకు 2 నుంచి 5 కిలోల బరువు కట్టి వదిలేస్తారు. 15, 20 నిమిషాల్లో కండరాలు అలసి వదులై, ‘టక్’ మని బంతి తనంతట తనే లోపలికి పోతుంది. కన్నింగ్‌హామ్ పద్ధతిలో నిటారుగా కూర్చోబెట్టి, మెడ కింద కండరాన్ని, భుజం కండరాన్ని, దండచేతి కండరాన్ని మెల్లగా పిసుకుతూ, రెక్కలు వెనక్కి చేర్చమంటారు; లాగడమే ఉండదు. ఇంకో పద్ధతిలో మోచేతిని పక్కకు ఆనించి ముంజేతిని అంగుళం అంగుళం బయటికి తిప్పుతారు. నొప్పి వచ్చిన ప్రతిచోటా ఆగుతారు. దుప్పటి ఒంటి చుట్టూ వేసి ఒకరు అటు, ఇంకొకరు ఇటు లాగే పద్ధతి ఇప్పటికీ బాగానే వాడుతున్నారు.

కోచర్ 1870లో రాసిన పద్ధతిలో అసలు లాగుడు లేదు. తిప్పడం, ఛాతీ మీదికి తేవడం, లోపలికి తిప్పడం మాత్రమే. తర్వాతివాళ్లు దానికి లాగుడు కలిపి, గట్టిగా తిప్పి, దండచేతి ఎముకలు విరగ్గొట్టి పద్ధతికి చెడ్డపేరు తెచ్చారు. చంకలో మడమ పెట్టి లాగే పాత పద్ధతిని నరం దెబ్బతింటుందని చాలామంది మానేశారు.

రెండు మూడు ప్రయత్నాల్లో రాకపోతే ఇంకా గట్టిగా లాగడం తప్పు. ఎముక ముక్కో, తాడో మధ్యలో అడ్డుపడి ఉండవచ్చు. పూర్తి మత్తులో ఆపరేషన్ థియేటర్‌లో చేయాలి. జారి మూడు వారాలు దాటినవాటిని ఎమర్జెన్సీ బల్ల మీద ప్రయత్నించనేకూడదు; లోపల అతుక్కుపోయిన రక్తనాళం చిట్లవచ్చు, ఎముక విరగవచ్చు. అవి తెరిచి చేసే ఆపరేషన్ దాకా వెళ్తాయి.

ఇంటికి వచ్చేముందు మూడు విషయాలు చూసుకోండి. లోపల పెట్టాక తీసిన ఎక్స్‌రే చేతిలో ఉండాలి. నరం, నాడి మళ్లీ పరీక్షించి ఉండాలి. డిశ్చార్జి కాగితంలో ఏ వైపుకు జారింది, విరిగిన ముక్క ఉందా, స్పర్శ ఎలా ఉంది అన్నవి రాసి ఉండాలి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ జారినా, ఆపరేషన్ మాట వచ్చినా ఆ కాగితమే ఆధారం. నరం సాగినవాళ్లకు ఎక్కువ మందికి వారాల నుంచి కొన్ని నెలల్లో స్పర్శ తిరిగి వస్తుంది. మూడు నాలుగు వారాలకీ కదలిక లేకపోతే నరాల పరీక్ష చేయిస్తారు.

కట్టు ఎన్ని రోజులు

30 ఏళ్లలోపువాళ్లకు ఒకటి నుంచి మూడు వారాలు. 40 దాటినవాళ్లకు వారం, పది రోజులు. 60 దాటితే నొప్పి ఓర్చుకోగలిగిన రోజు నుంచే కదిలించడం మొదలు. చిన్నవాళ్లకు మూడు వారాలకు మించి కట్టినంత మాత్రాన మళ్లీ జారే అవకాశం తగ్గుతుందని తేలలేదు. పెద్దవాళ్లకు మూడు వారాలు కట్టేస్తే భుజం బిగుసుకోవడం మాత్రం ఖాయంగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ ఎలాగూ తొందరగా వస్తుంది, కాబట్టి వాళ్లు ఈ విషయంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి. ఎముక ముక్క విరిగి ఉంటే ఈ లెక్కలు మారతాయి, డాక్టరు చెప్పినంత కాలం ఉంచాలి.

చెయ్యి పట్టీ సరిగ్గా వేసుకోనివాళ్లే ఎక్కువ. మోచెయ్యి పట్టీ మూలలోకి పూర్తిగా దిగాలి. మణికట్టు మోచేతికంటే ఒక అంగుళం పైకి ఉండాలి. కిందికి వేలాడితే సాయంత్రానికి వేళ్లు ఉబ్బుతాయి. మణికట్టు పట్టీ బయటికి వేలాడకూడదు, చిటికెన వేలి మొదలు దాకా పట్టీ రావాలి. బరువంతా మెడ మీద పడుతుంటే మెత్తటి గుడ్డ మడిచి పెట్టుకోండి.

మన ఎండల్లో చంక చెమటకు ఒరుసుకుపోతుంది, తామర కూడా పడుతుంది. రోజుకు రెండుసార్లు పట్టీ తీసి, నడుము వంచి ముందుకు వాలండి. చెయ్యి దానంతట అదే వేలాడి చంక తెరుచుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మధ్యలో నూలు గుడ్డ పెట్టుకోండి. చంక తెరవడానికి చేతిని పక్కకు ఎత్తొద్దు.

పడుకోవడం మొదటి పది రాత్రులూ కష్టమే. వెల్లకిలా, వీపు కింద దిండ్లతో సగం కూర్చున్నట్టు పడుకుని, మోచేతి కింద చిన్న దిండు పెట్టండి. దిండు లేకపోతే మోచెయ్యి పరుపులోకి దిగి, బంతి ముందుకు తోసుకొస్తుంది. నొప్పి రాత్రిపూటే ఎక్కువైందంటే కారణం చాలాసార్లు ఇదే. నొప్పికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాముల బిళ్ల ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగు మించకుండా పెద్దవాళ్లు వేసుకోవచ్చు. లివర్ జబ్బున్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు.

కసరత్తు, వారాల వారీగా

కింది లెక్కలు ముందుకు జారి, ఆపరేషన్ లేకుండా లోపల పెట్టిన 40 ఏళ్లలోపువాళ్లవి. పెద్దవాళ్లు రెండో దశను రెండో వారంలోనే మొదలుపెట్టవచ్చు.

మొదటి దశ, కట్టు ఉన్నన్నాళ్లు. పిడికిలి బిగించి విప్పడం, మణికట్టు పైకీ కిందికీ, పట్టీ తీసి మోచెయ్యి పూర్తిగా చాచి మడవడం: ఒక్కోటి 10 సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. మోచెయ్యి చాచడం మానేసినవాళ్లకు మూడు వారాల తర్వాత భుజం కంటే మోచెయ్యే ఎక్కువ ఏడిపిస్తుంది. రెండు రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా తెచ్చి 5 సెకన్లు పట్టి వదలడం 10 సార్లు. వారం తర్వాత నొప్పి తగ్గితే లోలకం కసరత్తు. బాగున్న చేత్తో బల్లను పట్టుకుని నడుము వంచి, చేతిని వేలాడదీసి, ఒంటిని ఊపితే చెయ్యి ఊగాలి. చిన్న పళ్లెం అంత సున్నా చాలు, ఒకటి రెండు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. చాలామంది భుజం కండరంతో చేతిని తిప్పేస్తారు. అలా చేస్తే అది లోలకం కాదు, పని.

రెండో దశ, మూడు నుంచి ఆరు వారాలు. వెల్లకిలా పడుకుని, మీటరు పొడవు కర్రను రెండు చేతులా పట్టుకోండి. బాగున్న చెయ్యే రెండోదాన్ని మోస్తూ తల వైపు లేపాలి. నొప్పి మొదలయ్యే చోట ఆగి 5 సెకన్లు ఉంచి దించండి. 10 సార్లు, రోజుకు మూడు విడతలు. ముందు 90 డిగ్రీల దాకా, తర్వాత మెల్లగా పైకి. అదే కర్రతో మోచెయ్యి పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి 30 డిగ్రీలు మించకుండా నెట్టడం. గోడకు ఆనుకుని ముంజేతితో ముందుకు, వెనక్కి, బయటికి నెట్టి పట్టడం 5 సెకన్లు, 10 సార్లు. చెయ్యి కదలకూడదు, కండరం మాత్రం బిగవాలి.

ఆరో వారం దాకా గట్టిగా మానాల్సిన భంగిమ ఒకటే: చెయ్యి పక్కకు లేచి, ముంజెయ్యి వెనక్కి వాలేది. రోజువారీ పనుల్లో అది ఎక్కడెక్కడ దాక్కుంటుందో గమనించండి. తల వెనక జడ వేసుకోవడం, బస్సులో రాడ్ పట్టుకోవడం, అటక మీది సామాను దించడం, కారులో ముందు సీట్లో కూర్చుని వెనక సీటు మీది బ్యాగు అందుకోవడం, తల కింద చేతులు పెట్టుకుని పడుకోవడం. ఆఖరిది నిద్రలో తెలియకుండా జరుగుతుంది. ఆ ఆరు వారాలూ రాత్రి పట్టీ ఉంచుకోవడం మేలు.

మూడో దశ, 6 నుంచి 12 వారాలు. థెరాబ్యాండ్ అనే సాగే రబ్బరు పట్టీ తెచ్చుకోండి. పసుపు రంగుది తేలిక, తర్వాత ఎరుపు, తర్వాత ఆకుపచ్చ. తలుపు గొళ్లేనికి కట్టి, మోచేతికీ నడుముకీ మధ్య చుట్టిన టవల్ పెట్టి, ముంజేతిని లోపలికి 15 సార్లు, బయటికి 15 సార్లు. మూడు విడతలు, రోజు విడిచి రోజు. టవల్ కింద పడిందంటే మోచెయ్యి ఎడంగా పోయిందని, వేరే కండరం ఆ పని చేసేస్తోందని అర్థం. సైకిల్ ట్యూబు కోసి వాడేవాళ్లున్నారు. అది మొదట్లోనే మరీ బిగువు, ఈ చిన్న కండరాలకు పనికిరాదు. రెక్కలు వెనక్కి లాగే కసరత్తు, గోడ మీద పుషప్‌లు ఇక్కడే మొదలవుతాయి.

12 వారాల తర్వాత నేల పుషప్‌లు, బరువులు, చెయ్యి పైకెత్తి చేసేవి. జిమ్‌లో మెడ వెనక్కి దించే ప్రెస్, మెడ వెనక్కి లాగే పుల్‌డౌన్, డిప్స్, బాగా ఎడంగా పట్టుకునే బెంచ్ ప్రెస్ — వీటిని ఎన్నాళ్లైనా పక్కన పెట్టడమే మంచిది. వాటివల్ల వచ్చే లాభం వేరే కసరత్తులతోనూ వస్తుంది.

కసరత్తు నొప్పి అరగంటలో తగ్గాలి. మర్నాటి దాకా ఉంటే లెక్క సగానికి తగ్గించండి. ఏదైనా కసరత్తులో “బయటికి వచ్చేస్తుందేమో” అనే జంకు పుడితే అది ధైర్యం లేక కాదు. లిగమెంట్ పట్టు ఇంకా రాలేదని భుజమే చెబుతోంది, ఆపేయండి.

40 దాటినవాళ్లకు ఒక పరీక్ష

రెండు మూడు వారాలు గడిచాయి, నొప్పి తగ్గింది. కానీ చెయ్యి సొంతంగా పైకి లేవడం లేదు, రెండో చేత్తో ఎత్తితే మాత్రం లేస్తోంది. ఇది బిగుసుకుపోవడం కాదు. బిగుసుకున్న భుజం ఎవరు ఎత్తినా లేవదు. రొటేటర్ కఫ్ తాడు తెగిందనో, చంక నరం దెబ్బతిందనో అనుమానించాలి. వెంటనే అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ చేయించండి. తెగిన తాడు నెలలు గడిచేకొద్దీ లోపలికి ముడుచుకుపోయి, కండరం కొవ్వుగా మారుతుంది. ఆరు వారాల్లో కుట్టగలిగింది ఏడాదికి కుట్టలేనిదవుతుంది. ఈ వయసులో “ఫిజియో చేయిస్తే అదే తగ్గుతుంది” అని నెట్టుకురావడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

ఆపరేషన్ ఎవరికి

ఎడిన్‌బరోలో మొదటిసారి భుజం ముందుకు జారిన 15–35 ఏళ్ల 252 మందిని గమనిస్తే, రెండేళ్లలో 55.7 శాతం మందికి, ఐదేళ్లకు 66.8 శాతం మందికి భుజం నిలకడ తప్పింది. 2006లో వచ్చిన లెక్క ఇది. వయసు ఎంత తక్కువైతే అవకాశం అంత ఎక్కువ, ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఎక్కువ. అందుకే 20 ఏళ్లలోపు ఉండి, కబడ్డీ, కుస్తీ లాంటి ఆటలు వదిలే ఉద్దేశం లేనివాళ్లతో మొదటిసారికే ఆపరేషన్ మాట మాట్లాడే సర్జన్లు ఉన్నారు. అది డబ్బు కోసం అంటున్న మాట అని తోసిపుచ్చకండి. 45 ఏళ్ల ఆఫీసు ఉద్యోగికి మొదటిసారి జారి, తాళ్లు బాగుంటే ఆపరేషన్ అవసరం సాధారణంగా రాదు.

రెండోసారి జారాక ఎంఆర్ఐ, ఎముక అరుగుదల అనుమానం ఉంటే త్రీడీ సీటీ స్కాన్ కావాలి. సర్జన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: “పళ్లెం ఎముక ఎంత శాతం అరిగింది?” తక్కువైతే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో లేబ్రమ్‌ను తిరిగి అంచుకు యాంకర్లు అనే చిన్న మేకులతో కుట్టే బాంకార్ట్ రిపేర్ సరిపోతుంది. హిల్–సాక్స్ సొట్ట పెద్దదైతే పక్కనున్న తాడును ఆ సొట్టలోకి కుట్టేస్తారు. అరుగుదల 20–25 శాతానికి చేరితే లేబ్రమ్ కుట్టినా నిలవదు. అప్పుడు రెక్క ఎముక ముందు పొడుచుకొచ్చిన కొరకాయిడ్ అనే ఎముక ముక్కను దాని కండరాలతో సహా తెచ్చి పళ్లెం ముందు అంచుకు స్క్రూలతో బిగిస్తారు. ఫ్రాన్సులో మిషెల్ లాటర్జే 1954లో చెప్పిన ఆపరేషన్ ఇది. స్కాన్‌లో అరుగుదల కొలవకుండానే కెమెరా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారంటే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఆపరేషన్ తర్వాత మళ్లీ జారినవాళ్ల కథల్లో లెక్కపెట్టని ఎముక తరచుగా కనిపిస్తుంది.

రెండు ఆపరేషన్లకూ ఇన్‌ఫెక్షన్, నరం దెబ్బ, చెయ్యి బయటికి తిరగడం కొంత తగ్గడం, మళ్లీ జారడం అనే ముప్పులున్నాయి. లాటర్జేలో అదనంగా ఎముక అతకకపోవడం, స్క్రూ ఇబ్బంది పెట్టడం. పట్టీ మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉన్నవాళ్లు డబ్బు కట్టకముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి తమ ఆపరేషన్ పథకంలో వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

పనికి, ఆటకు తిరిగి

కంప్యూటర్ పని పట్టీతోనే వారం, రెండు వారాల్లో మొదలుపెట్టవచ్చు. మోచెయ్యి బల్ల మీద ఆనాలి. కారు ఆరో వారం తర్వాత, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పగలిగితేనే. బైకు ఎనిమిది వారాల ముందు వద్దు. పడితే మళ్లీ అదే చేతి మీద పడతారు. బిందె మోయడం, మందు కొట్టే ట్యాంకు వీపున వేసుకోవడం, మూట తలకెత్తడం మూడు నెలల తర్వాతే. కబడ్డీ, కుస్తీ, వాలీబాల్‌కు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. క్యాలెండర్ ఒక్కటే చాలదు. కదలిక రెండో భుజంతో సమానంగా ఉండాలి, బలం దానిలో కనీసం 90 శాతం ఉండాలి, విసిరే భంగిమలో చెయ్యి పెట్టి వెనక్కి నెట్టినా జంకు పుట్టకూడదు. టోర్నమెంట్ తేదీ దగ్గరపడిందని టేపు అంటించుకుని దిగేవాళ్లను ఆ టేపు కాపాడదు.

మూర్ఛ వల్ల జారినవాళ్లు ముందు మూర్ఛను మందులతో అదుపులోకి తెచ్చుకోవాలి. లేకపోతే ఎంత మంచి ఆపరేషనైనా తర్వాతి మూర్ఛతో ఊడుతుంది. వేరే జబ్బుకు ట్రమడాల్ లాంటి నొప్పి మాత్ర రాస్తే తమకు మూర్ఛ ఉందని డాక్టరుకు తప్పక చెప్పాలి. అది మూర్ఛను రేపగలదు.

జారిన భుజం తనంతట తనే లోపలికి పోయినా దాన్నీ ఒకసారి జారినట్టే లెక్కపెట్టి డాక్టరుకు చూపించండి. జారిన ప్రతిసారీ పళ్లెం అంచు మరికాస్త అరుగుతుంది. తరచూ జారుతున్నవాళ్లు వైద్యం పూర్తయ్యేదాకా బావిలో, చెరువులో, కాలువలో ఈతకు దిగకూడదు. బారలు వేసేటప్పుడు చెయ్యి సరిగ్గా జారే భంగిమలోకే వస్తుంది, నీళ్లలో జారితే ఒంటి చేత్తో గట్టు చేరడం గజ ఈతగాడికీ కష్టం. నిచ్చెన, చెట్టు, కరెంటు స్తంభం ఎక్కే పనివాళ్లకూ ఇదే వర్తిస్తుంది.